ముగ్గురు మడివి దేవెలు

నా భార్య వానాకాలం మొదట్లో పోయింది. విశాఖపట్నంలో, ఆసుపత్రిలో, పొద్దున పూట. నేను కింద టీ తాగి పైకి వచ్చేసరికి నర్సు మంచం పక్కన నిలబడి ఉంది. ఆమె చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రాయ్‌పూర్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. తర్వాత మేముండే బచేలీలో ఇరుగుపొరుగుకి. ఆ తర్వాత సుక్మా జిల్లాలో థీసిస్ రాస్తున్న ఒక అమ్మాయికి. అన్నిట్లోకీ ఆ ఫోనే కష్టమైంది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మీలో కొందరికి నా భార్య తెలుసు. టౌన్‌షిప్‌లో తెలుగువాళ్ళకి పెళ్ళి శుభలేఖలు దిద్దిపెట్టే మనిషిగా తెలుసు. దంతెవాడ, జగదల్‌పూర్‌లలో పీహెచ్‌డీ చేసినవాళ్ళకి రిఫరెన్సుల మేడమ్‌గా తెలుసు. లైబ్రరీ సైన్సు చదువుకుని, పెళ్ళయ్యాక విజయనగరం నుంచి నాతో ఈ గనుల ఊరికి వచ్చింది. ఆ చదువుకి ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. కొన్నాళ్ళు ఊరికే ఉంది. ఒకసారి మా కింది క్వార్టర్ లెక్చరర్ తన థీసిస్‌ని యూనివర్సిటీ తిప్పి పంపిందని, తప్పులన్నీ వెనకున్న పుస్తకాల జాబితాలోనేనని మెట్ల మీద కూర్చుని వాపోయాడు. "ఇలా ఇవ్వండి, చూస్తాను" అంది. అలా మొదలైంది.

ఈ పని బయటివాళ్ళకి కనిపించదు. థీసిస్‌లో ఎవరి మాట వాడుకున్నా, ఆ వాక్యం చివర బ్రాకెట్లో వాళ్ళ పేరూ సంవత్సరమూ వేయాలి. ఆ పేరు వెనక గ్రంథసూచిలో ఉండాలి. ముందున్నది వెనక లేకపోయినా తప్పే, వెనకున్నది ముందు లేకపోయినా తప్పే. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, ఏది వాలు అక్షరాల్లో ఉండాలి, అన్నిటికీ నియమాలున్నాయి. ప్రతి యూనివర్సిటీకీ వేరే నియమాలు. ఇదంతా చేత్తో చేస్తే కళ్ళు పోతాయని ఆమె ఒక టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం నేర్చుకుంది. పుస్తకాల వివరాలన్నీ ఒక ఫైల్లో పెడితే అదే వరసలో పేర్చి ఇస్తుంది. అందులో ఒక్క బ్రాకెట్ మరిచినా పని ఆగిపోతుంది. ఎవరిదైనా వివరం దొరక్కపోతే, పేజీలో ఆ మనిషి పేరుండాల్సిన చోట ప్రశ్న గుర్తు వస్తుంది. పొద్దున్నే కంప్యూటర్ తెరిచి, "ఇవాళ ఎంతమంది తప్పిపోయారో చూద్దాం" అనేది.

నేను డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక ఇద్దరం ప్రూఫులు చూసేవాళ్ళం. ఆమె పైకి చదివేది, నేను కాగితం మీద వేలు పెట్టి చూసేవాణ్ణి. పేరు, కామా, సంవత్సరం, చుక్క, వాలు అక్షరాలు మొదలు, వాలు అక్షరాలు ఆఖరు. పక్క క్వార్టర్ ఆవిడ ఒకసారి వంటింటి కిటికీలోంచి అడిగింది.

"రోజూ సాయంత్రం మీ ఇంట్లో పారాయణం వినిపిస్తాదండీ. ఏ దేవుడిది?"

"దేవుడిది కాదండీ. పుస్తకాల పేర్లు."

"ఫలితం ఏటి మరి?"

"డాక్టరేటు. కాకపోతే అది వేరేవాళ్ళకొస్తాది" అంది నా భార్య.

మా పెళ్ళి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి. మేం పెద్దగా కబుర్లు చెప్పుకునే మనుషులం కాదు. ఆమె గొంతు వింటూ గంటలు గడిపాను. అందులో సగం కామాలే. నాకు లోటనిపించలేదు.

ఏ పుస్తకం చేతికొచ్చినా చివరి పేజీల నుంచి చూసేది. "వీధి గది చూసి ఇంటి సంగతి చెప్పలేం, వంటింట్లో డబ్బాలు చూస్తే తెలుస్తాది" అనేది. నలుగురు కలిసి రాసిన దాన్ని మొదటివాడి పేరు వేసి 'తదితరులు' అనడం నియమమే గాని, ఆమెకి మింగుడుపడేది కాదు. మాకొచ్చే శుభలేఖల మీద నా పేరు రాసి పక్కన 'సకుటుంబంగా' అని ఉండేది. దాని మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇది నేను. తదితరులు" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఫోన్ చేయడం కష్టమైందన్నానే, ఆ అమ్మాయి దోర్లా ఆదివాసీ పిల్ల. కిష్టారం దాటి లోపల ఎక్కడో వాళ్ళ ఊరు. ఇంట్లో దోర్లీ, బస్సులో తెలుగు, కాలేజీలో హిందీ. తన ఊళ్ళో ఆడవాళ్ళు విత్తనాలు ఎలా దాస్తారన్నది ఆమె పరిశోధన. పుస్తకాల్లో లేని సంగతి కాబట్టి పల్లెల్లో పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని, వాటి మీదే థీసిస్ కట్టింది. రిఫరెన్సుల కోసం ఎవరో చెబితే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మొదటి రోజు కుర్చీ అంచున కూర్చుంది. రెండోసారి వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళి తనే టీ పెట్టింది.

ఆ యూనివర్సిటీ నియమాలు నా భార్య తుచ తప్పకుండా పాటించింది. అందులో రెండున్నాయి. పేరులో చివరి మాటని ఇంటిపేరుగా తీసుకుని ముందు వేయాలి, మిగతాది పొడి అక్షరంగా కుదించాలి. అదే మనిషి మళ్ళీ వస్తే పేరు వేయకుండా ఒక పొడవాటి గీత గీయాలి. ప్రోగ్రాంకి ఈ రెండూ చెప్పింది. అది చెప్పినట్టే చేసింది. ముసాయిదా గైడు దగ్గరకి వెళ్ళింది.

నెల తిరక్కుండా ఆ అమ్మాయి ముసాయిదా పట్టుకుని వచ్చింది. మూడో అధ్యాయం అంచుల నిండా ఎర్ర సిరా. గైడు మంచి మనిషే, జాగ్రత్తగా చదివాడు. ఆయన రాసిందేమిటంటే: ఈ అధ్యాయమంతా ఒకే స్త్రీ మాటల మీద నడుస్తోంది. ఆమె ఒకచోట విత్తనం పొయ్యి మీద పొగలో వేలాడదీయాలంటుంది. ఇంకోచోట పొగ తగిలితే విత్తనం చస్తుందంటుంది. మరోచోట అసలు ఇంట్లో దాచనే కూడదు, విత్తనాల పండుగలో పక్క పేట వాళ్ళతో మార్చుకోవాలంటుంది. ఈమె మాట నమ్మదగింది కాదు. అధ్యాయం తీసేయడం మంచిది.

ఆ అధ్యాయం పోతే థీసిస్‌లో మిగిలేది తక్కువ. ఆ అమ్మాయి ఏడవలేదు. వెనక పేజీ తీసి నా భార్య ముందు పెట్టింది.

"అక్కా, ఈ గీతలేంది? ముందు చూసినప్పుడు ఇదో పద్ధతేమో అనుకున్న."

"పద్ధతే. అదే మనిషి మళ్ళీ వస్తే గీత వేస్తారు."

"అదే మనిషెట్లయితది? వీళ్ళు ముగ్గురు."

నేను పక్కనే ఉన్నాను. నా భార్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పేజీ మీద ఉన్నది 'దేవె, మ.' అన్న ఒక్క పేరు. కింద వరసగా గీతలు. ఆ అమ్మాయి చెప్పింది. వాళ్ళ వైపు ఇంటిపేరు ముందుంటుంది, మనలాగే. ఊళ్ళో చాలామంది మడివి వాళ్ళే. అవ్వ పేరు మనవరాలికి పెట్టుకుంటారు. కాబట్టి మడివి దేవెలు ముగ్గురున్నారు, మూడు పారాల్లో. ఊరికి పారాలంటే మన పేటల్లాంటివి, ఒకదానికొకటి కాస్త ఎడంగా ఉంటాయి. వాగు ఒడ్డున ఉండే దేవె చెమ్మకి భయపడి విత్తనాన్ని అడ్డాకులో కట్టి పొగలో పెడుతుంది. గట్టు మీద పటేల్‌పారా దేవెకి ఆ భయం లేదు, పొగ తగిలితే విత్తనం చస్తుందని సొరకాయ బుర్రలో బూడిద కలిపి దాస్తుంది. మామిడిపారా దేవె ఇంట్లో దాచదు, మార్చుకుంటుంది. ముగ్గురిదీ నిజమే. ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు కూడా.

"మీ ఊళ్ళో అయితే ఎలా పిలుస్తారు వీళ్ళని?" నా భార్య అడిగింది.

"పారా పేరుతోనే. వాగుపారా దేవె, పటేల్‌పారా దేవె, అట్లనే."

"మరి నువ్వు నాకలా ఎందుకివ్వలేదమ్మా?"

"వివరాలు రాసే ఫారంలో పేరుకి ఒక్క గడే ఉండె గదా అక్కా."

నా భార్య ఆ పేజీని తన వైపు తిప్పుకుంది. తర్వాత అంది, "నా ప్రోగ్రాం ముగ్గురు ఆడవాళ్ళని ఒక్కర్ని చేసి, ఆ ఒక్కదాన్నీ అబద్ధాలకోరుని చేసింది. విడదీయాలి."

అప్పటికే ఆమెకి కడుపులో నొప్పి వస్తోంది. ఎండాకాలం మొదలయ్యేసరికి అది ఏమిటో తేలింది. విశాఖపట్నం వెళ్ళాం. డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు. ఆమె లాప్‌టాప్ తెచ్చారా అని మాత్రం అడిగింది.

జాబితాలో పేర్లు విడదీయడం పెద్ద పని కాదు. పేరు చుట్టూ ఇంకో జత ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే ప్రోగ్రాం దాన్ని ఒకే మాటగా చూస్తుంది. ముందువెనకలు చేయదు, కుదించదు. పారా పేరు కూడా లోపలే పెడితే ముగ్గురూ వేరవుతారు, గీతలు పోతాయి. కష్టం అధ్యాయంలో ఉంది. అక్కడ ప్రతి మాట పక్కనా 'దేవె' అనే ఉంది. ఏ మాట ఏ దేవెది? ఆ అమ్మాయి రికార్డులు మళ్ళీ వింది. చాలావరకు గుర్తుపట్టింది. కొన్ని పట్టలేకపోయింది. పెళ్ళిలోనో, సంతలోనో, నలుగురు కూర్చున్నచోట తీసినవి అవి.

"ఇది వాగుపారా ఆమే అయ్యుండొచ్చక్కా" అంది ఫోన్లో.

"అయ్యుండొచ్చు అంటే వద్దు. ఊరెళ్ళి వినిపించు. ఎవరి గొంతు వాళ్ళకే తెలుస్తాది."

"వానలొస్తే వాగు దాటలేనక్కా. వచ్చేటందుకు కూడా ఉండదు."

"అందుకే వాన రాకముందే వెళ్ళు."

జబ్బు ఎంత ముదిరిందో తెలియక, ఆమె వాన గురించే చెబుతోందని ఆ అమ్మాయి అనుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ అమ్మాయి వెళ్ళింది. లోపల సిగ్నల్ లేదు. దోర్నపాల్ వస్తే గాని ఫోన్ పలకదు. ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. నా భార్యకి అన్నం సహించేది కాదు. నిద్రలో కామా, చుక్క అని గొణిగేది. లేచినప్పుడు ఫోన్ వైపు చూసేది. గైడుకి తనే ఒక మెయిల్ రాసింది, హిందీలో, నాలుగు ముక్కలు. ఒకే పేరుతో ముగ్గురున్నారు, తప్పు టైప్‌సెట్టింగ్‌లో ఉంది, దిద్దిన ప్రతి వచ్చేదాకా అధ్యాయం తీయవద్దు అని. ఆయన మర్నాడే జవాబిచ్చాడు. ముగ్గురైతే ఇది వైరుధ్యం కాదు, ఇదే ఆ అధ్యాయానికి అసలు విషయం అన్నాడు. పేర్లు వాళ్ళు పిలుచుకున్నట్టే వేయడానికి విభాగంలో తనే అనుమతి తీసుకుంటానన్నాడు. ఆ జవాబు ఆమెకి చదివి వినిపించాను. "మంచాయన. థీసిస్ గడువు మాత్రం పొడిగించలేదు" అంది.

దోర్నపాల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మధ్యాహ్నం. వెనక బస్సుల హారన్లు. ఆ అమ్మాయి నవ్వుతోంది.

"ముగ్గుర్నీ ఒక్కకాడ కూచోబెట్టి వినిపిచ్చినక్కా. పెద్ద కొట్లాట. పటేల్‌పారా ఆమె తన గొంతు తనే ఒప్పుకోలే. అంత ముసలి గొంతు నాది కాదంటది. వాగుపారా ఆమె, నీదేలే, పొద్దుగాల కోడి కంటే ముందు అదే ఇంటున్నం అన్నది."

నా భార్య నవ్వింది. నవ్వితే కడుపు నొచ్చి చెయ్యి పెట్టుకుంది. అయినా నవ్వింది.

తర్వాత పని. ఆ అమ్మాయి ఫోన్లో చెబుతుంటే నేను ఒక్కో వాక్యం దగ్గర పేరు మార్చాను. నా భార్య దిండుకి ఆనుకుని తెర చూసేది. నేను బ్రాకెట్ మరిస్తే, "లోపల ఇంకో జత" అనేది. మూడోసారి మరిచినప్పుడు, "ఇన్నేళ్ళు వేలు పెట్టి చూశారు, మీకేటీ అంటలేదు" అంది. ఆ మాటకి పక్క మంచం పేషెంట్ కూతురు కూడా నవ్వింది.

అంతా అయ్యాక ప్రోగ్రాం నడిపాం. ఆ చిన్న లాప్‌టాప్ మీద అది కొంచెం ఆలోచిస్తుంది. పేజీ తెరుచుకుంది. ప్రశ్న గుర్తులు లేవు. మడివి దేవె, పటేల్‌పారా. మడివి దేవె, మామిడిపారా. మడివి దేవె, వాగుపారా. నా భార్య పైనుంచి కిందికి చూసింది, మళ్ళీ ఒకసారి చూసింది.

"ముగ్గురూ వచ్చారు" అంది.

లాప్‌టాప్ మూసి పక్కన పెట్టమంది. మళ్ళీ తెరవమని అడగలేదు. అప్పటికి విశాఖలో మబ్బు పడుతోంది. ఆ వారంలోనే పోయింది.

ఫోన్ ఎందుకు కష్టమైందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ అమ్మాయికి నేను చెప్పాను. తర్వాత, "బావా, తిన్నవా?" అని అడిగింది. అప్పటిదాకా నన్ను సార్ అనేది.

థీసిస్ గడువులోపే వెళ్ళింది. మూడో అధ్యాయంతో సహా. వానలు వెళ్ళాక, చలి మొదలయ్యాక, బైండు చేసిన ప్రతి తీసుకుని ఊరికి వెళ్తున్నానని ఆ అమ్మాయి ఫోన్ చేసింది. దోర్నపాల్ సంతకి దేవెలు వస్తారట, నన్నూ రమ్మంది. నేను వెళ్ళను అనబోయి, వస్తానన్నాను. సుక్మా మీదుగా బస్సులో వెళ్ళాను.

ముగ్గురిలో ఇద్దరే వచ్చారు. మామిడిపారా ఆమెకి జ్వరం. వచ్చిన ఇద్దరూ రోడ్డు పక్కన చీపురుకట్టలు ముందేసుకుని కూర్చున్నారు, ఒకరికొకరు వీపు పెట్టి. ఆ అమ్మాయి వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని పేజీ తెరిచింది. ఇద్దరూ ఇటు తిరిగారు.

"నాదేది?" అంది పటేల్‌పారా ఆమె.

అమ్మాయి చూపించింది.

"నాది?" అంది వాగుపారా ఆమె.

"ఇదిగో, కింద."

"కిందెందుకు? పంపుకాడ కూడా దాని బిందే ముందు. ఈడ కూడా అదే ముందా?"

"అక్షరాల వరస, పెద్దమ్మా."

"ఆ వరస ఎవురు పెట్టిర్రు?"

"ముసల్దానివి, కిందుంటే ఏమైతది" అంది పటేల్‌పారా ఆమె. వాగుపారా ఆమె దోర్లీలో ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు అర్థం కాలేదు, అమ్మాయి చెప్పలేదు.

నవ్వులు సద్దుమణిగాక వాగుపారా దేవె నన్ను చూపించి ఎవరని అడిగింది. అమ్మాయి చెప్పింది. ఈ పేర్లు ఇట్లా విడివిడిగా పెట్టిన అక్క ఈయన భార్య అని, పోయిందని. ముసలామె నా వైపు తిరిగి, పేరేమిటని అడిగింది. చెప్పాను.

"ఏ ఇంటి పిల్ల?"

మా ఇంటిపేరు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఆడించింది.

"అది నీది బావా" అంది అమ్మాయి మెల్లిగా. "పెళ్ళైనా మాకాడ ఆడమనిషి ఇంటిపేరు మారదు. అక్క వాళ్ళ నాయనది అడుగుతుంది."

ఆసుపత్రి ఫైలు మీద, ఆధార్ మీద, మరణ ధ్రువపత్రం మీద మా ఇంటిపేరే ఉంది. వాళ్ళ నాన్నగారి ఇంటిపేరు నేను చివరిసారి పలికింది ఎప్పుడో గుర్తులేదు. చెప్పాను. ముసలామె ఆ ఇంటిపేరునీ ఆమె పేరునీ కలిపి ఒకసారి పలికింది. సరిగా పలికానా అన్నట్టు నా వైపు చూసింది. తల ఊపాను.

ఆమె వెనకున్న సొరకాయ బుర్ర తీసింది. ఆకుదొప్పలో జీలుగు కల్లు వంచుకుంది. తాగేముందు తమ పెద్దల పేరున నేల మీద నాలుగు చుక్కలు వదలడం అక్కడి ఆనవాయితీ. ఆమె ముందు తనవాళ్ళ పేర్లేవో దోర్లీలో అంది. తర్వాత నా భార్య పేరు, తండ్రి ఇంటిపేరుతో అంది. అంటూ దొప్ప వంచింది.

రెండు చీపురుకట్టల మధ్య ఎర్రటి దుమ్ములో అరచేయంత తడి అయింది. ఎవరో బేరానికి వచ్చారు. కట్టలు ఎత్తి చూపించేటప్పుడు కూడా ఇద్దరు దేవెలూ చెయ్యి చాచి, ఆ తడిని తొక్కకుండా అవతలి నుంచి రమ్మంటున్నారు.